బ్యాటరీలు కరిగించిన షెడ్డు పక్కనే మా నుయ్యి, ఆ మట్టి తీయించేయొచ్చా?

పర్లాకిమిడి కుర్రాడు:
మాది ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. మా పొలం గట్టుకి ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉండేది. పాత ఇన్వర్టర్ బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్లు, అదీ రాత్రిపూటే. యాసిడ్ నేరుగా కాలవలోకి. రెండు నెలల క్రితం తాళం వేసి వెళ్లిపోయారు. బూడిద, నల్ల పెంకులు అక్కడే ఉన్నాయి. మొన్న ఆ గట్టున మేసిన దూడ పళ్లు పటపటా కొరుకుతూ, గుడ్డిదానిలా గోడకి తల ఆనించి నిలబడింది. రెండో రోజుకి పోయింది. నుయ్యి షెడ్డుకి నలభై అడుగులే. నీళ్లు తేటగానే ఉన్నాయి, రుచీ మారలేదు. నాన్న ట్రాక్టర్ మాట్లాడేశారు, మట్టి తీసి గెడ్డలో (వాగులో) పోయిద్దామని. తీయించొచ్చా? నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, రాయడం రాదు.

ల్యాబ్ మాస్టారు (రిటైర్డ్):
బాబూ, ముందు ఆ ట్రాక్టర్ ఆపించు. ఆ మట్టే నీ సాక్ష్యం. గెడ్డలో పోస్తే సాక్ష్యం పోతుంది, పైగా కింద ఊళ్లవాళ్ల నీళ్లలో విషం కలిపింది మీరే అవుతారు.

సీసానికి రంగూ వాసనా ఉండవు, తేట చూసి మోసపోకు. తాగే నీళ్లలో లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. టెస్ట్ అయ్యేదాకా తాగడానికి, వంటకి వేరే నీళ్లు తెచ్చుకోండి. గట్టు మీద తోటకూర తినొద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే రక్తంలో లెడ్ (సీసం) పరీక్ష చేయించండి. మిగతా అన్నిటికంటే అదే ముందు.

మట్టి పై అయిదారు అంగుళాల్లోంచి నాలుగైదు చోట్ల తీసి కలిపి ఒక సంచి, దూరపు పొలంలోంచి ఇంకో సంచి. ఈ రెండోది లేకపోతే 'ఇక్కడి మట్టే అంత' అనేస్తారు. నీళ్లకి సీసా ల్యాబ్ వాళ్లనే అడుగు, లోహాల పరీక్షకి అందులో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి ఇస్తారు. అయితే ఇదంతా మీ ధైర్యానికే. కేసులో నిలిచేది కాలుష్య నియంత్రణ మండలి తీసిన శాంపిలే. 1974 నీటి చట్టంలో ఫ్యాక్టరీ వదిలిన నీటి శాంపిల్‌కి నోటీసు, రెండు భాగాలు, సీలు, ఇద్దరి సంతకాలు అని పద్ధతి రాసి ఉంది. అది తప్పితే కోర్టులో చెల్లదు.

దూడని పూడ్చేశారా? పశువుల డాక్టరు కాలేయం, కిడ్నీ ముక్క తీసుకుని ఉంటే బాగుండేది.

గుణుపురం సూరి:
మాస్టారి మాట నిజం. మా దగ్గర షెడ్డు ఓనరే రాత్రికి రాత్రి రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి పైన పోయించాడు. మర్నాడు ఆఫీసరు వచ్చి 'బాగానే ఉంది కదా' అని వెళ్లిపోయాడు. ఇప్పుడే ఫోన్‌లో తేదీ పడేలా ఫోటోలు తీసి పెట్టుకో తమ్ముడూ.

సరిహద్దు రైతు:
2025 జులైలో కలుషిత స్థలాల నిబంధనలు వచ్చాయి. జిల్లా యంత్రాంగం ఇలాంటి అనుమానపు స్థలాల జాబితా ఆరు నెలలకోసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి, ఆ తర్వాత మరో మూడు నెలల్లో వివరంగా సర్వే చేసి తేల్చాలి. శుభ్రం చేసే ఖర్చు పాడుచేసినవాడిదే. కాగితం మీద బాగుంది, కానీ మీ షెడ్డు జాబితాలోకి ఎక్కాలంటే ఎవరో ఒకరు వెంటపడాలి. అర్జీ కలెక్టరుకి పెట్టి, ఒక కాపీ మండలి ప్రాంతీయ ఆఫీసుకి ఇవ్వండి, రసీదు తీసుకోండి.

పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్లాల్సి వస్తే, ఒడిశా కాబట్టి మీది కలకత్తా బెంచి. గట్టు దాటి ఆంధ్రలో పాతపట్నం వైపు అయితే చెన్నై. నష్టపరిహారానికి అయిదేళ్ల గడువు ఉంది, కంగారు లేదు.

పర్లాకిమిడి కుర్రాడు:
ట్రాక్టర్ ఆపించాను, నాన్న ఇంకా గొణుగుతున్నారు. దూడని పూడ్చేశాం మాస్టారూ. పక్కింటి అమ్మాయి కాలేజీలో ఒడియా చదువుతోంది, అర్జీ తను రాస్తానంది. సోమవారం కలెక్టరు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్తాను. అక్క కూతురికి మూడేళ్లు, రక్త పరీక్షకి రేపు బరంపురం తీసుకెళ్తున్నాం.