పాత క్సీరియం సైకిల్ చక్రాల జత 18 వేలు: తీసుకోవచ్చా, ఏం చూడాలి?

మియాపూర్ పెడల్:

అందరికీ నమస్కారం. నా బండి 2012 మోడల్, అల్యూమినియం ఫ్రేమ్, రిమ్ బ్రేకులు (చక్రం అంచుని, అంటే రిమ్‌ని పట్టేవి), 10 స్పీడ్ టియాగ్రా గేర్లు. బండితో వచ్చిన చక్రాలే ఇప్పటికీ నడుపుతున్నాను. టైర్లు, ట్యూబులు, క్యాసెట్ (వెనక గేరు పళ్ల గుత్తి) అన్నీ తీసి తూస్తే జత 1,960 గ్రాములు వచ్చింది.

మా ఆఫీసులో ఒకాయన అన్నగారు అమెరికా నుంచి తిరిగొచ్చేశారు. ఆయన చక్రాలు అమ్మకానికి పెట్టారు. మావిక్ కంపెనీ క్సీరియం ఎస్.ఎల్., 2006లో కొన్నారట. వెడల్పాటి నల్ల పుల్లలు (స్పోకులు), ముందు 18, వెనక 20. నా ముందే తూచారు, 1,540 గ్రాములు. 18 వేలు అడుగుతున్నారు. చూడ్డానికి కొత్తవాటిలా మెరుస్తున్నాయి. తిప్పి చూస్తే ఎక్కడా బెండ్ లేదు. చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి మనసు వాటిమీదే ఉంది.

నా బరువు 84 కిలోలు. ఆదివారాలు వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్తుంటాం. ఈ చలికాలం 300 కి.మీ. బి.ఆర్.ఎం. (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ సవారీ) చేయాలని ఉంది. 18 వేలు నాకు చిన్న మొత్తం కాదు. పాప స్కూలు ఫీజు కట్టాక మిగిలింది అదే. ఇరవై ఏళ్ల పాత చక్రాలు నా బరువు మోస్తాయా? ఆ ధరకు తగినవేనా? చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి?

నల్గొండ రాండో:

మోస్తాయి, కానీ బి.ఆర్.ఎం.కి నేనైతే వాడను. నా చక్రాలకు 32 మామూలు స్టీలు పుల్లలు. రెండు అదనపు పుల్లలు ఫ్రేముకి టేపుతో చుట్టి ఉంచుతాను. ఒకసారి అర్ధరాత్రి సూర్యాపేట దాటాక వెనక పుల్ల విరిగింది. మిగతా 31 మోశాయి కాబట్టి బ్రేకు కాస్త వదులు చేసుకుని 40 కి.మీ. నడిపాను. పొద్దున టీ కొట్టు దగ్గర కూర్చుని కొత్తది వేసుకున్నాను. 20 పుల్లల చక్రంలో ఒకటి పోతే రిమ్ వెంటనే పక్కకి లాగేసి బ్రేకుకి, ఒక్కోసారి ఫ్రేముకి కూడా రాసుకుంటుంది. ఆ అల్యూమినియం పుల్ల దారిలో ఏ ఊళ్లోనూ దొరకదు. 300కి గడువు 20 గంటలు. చక్రం చేతిలో పట్టుకుని లారీ కోసం చూస్తూ నిలబడితే ఆ గడువు ఇట్టే అయిపోతుంది.

సాగరతీరం (విశాఖ):

తమ్ముడూ, ధర సంగతి తర్వాత. ముందు ఆ రిమ్ముల్లో అల్యూమినియం ఎంత మిగిలిందో చూడాలి. మెరుస్తున్నాయి, బెండ్ లేదు అని రాశావు. ఆ రెండూ చూసి పాత చక్రాన్ని నమ్మకూడదు. రిమ్ బ్రేక్ బండిలో బ్రేక్ పట్టిన ప్రతిసారీ షూతో పాటు రిమ్ గోడ కూడా అరుగుతుంది. వానలో షూకి ఇసుక పట్టిందంటే ఆకురాయి పెట్టి రాసినట్టే.

నాకు జరిగింది చెబుతాను. 2016లో నా దగ్గర నేనే కట్టుకున్న చక్రాలుండేవి. తేలిక రిమ్ములు, ఏడు వానాకాలాలు తిరిగాయి. ఒక ఆదివారం ఎస్.కోట మీదుగా అరకు వెళ్లి, అదే ఘాట్ దిగి, బాగా చీకటి పడ్డాక ఇల్లు చేరాను. బండి వరండాలో గోడకి ఆనించి పడుకున్నాను. రాత్రి రెండున్నరకి పెద్ద చప్పుడు. గ్యాస్ సిలిండర్ అనుకుని మా ఆవిడ వంటింట్లోకి పరిగెత్తింది. లైటు వేసి చూస్తే వెనక చక్రం రిమ్ గోడ జానెడు పొడవున ఊడొచ్చింది. టైరు బయటికి తిరగబడి ఉంది, ట్యూబు పీలికలైంది. ఊడిన ముక్క చేత్తో తీస్తే అంచు బ్లేడులా తెగ్గోసేలా ఉంది. కొలిస్తే 0.6 మిల్లీమీటర్లు. ఆ రోజు మధ్యాహ్నం అదే చక్రం మీద గంటకి 50 కి.మీ. వేగంతో ఘాట్ దిగాను. అప్పుడు ఊడి ఉంటే ఈ జవాబు రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదేమో.

అది రిమ్ చేసినవాళ్ల తప్పు కాదు. ఏడేళ్లలో నేను ఒక్కసారీ కొలవలేదు. ఆ ముక్క ఇప్పటికీ నా పనిముట్ల డబ్బాలో ఉంది. పాత చక్రాలు కొంటామని వచ్చినవాళ్లకి ముందు దాన్నే చేతిలో పెడతాను.

కొలవడం కష్టమేమీ కాదు. టైరు విప్పించు. విప్పనివ్వను అంటే అక్కడితో ఆపేయి. రిమ్ గోడ పై అంచున టైరుని పట్టుకునే కొక్కెం లోపలికి వంగి ఉంటుంది. అది అడ్డొస్తుంది కాబట్టి వెర్నియర్ కాలిపర్‌తో నేరుగా పట్టుకుంటే తప్పుడు కొలత వస్తుంది. 2 మి.మీ. మందం ఉన్న పాత స్టీలు పుల్లని సెంటీమీటరు ముక్కలు రెండు కోసుకో. ఒకటి గోడకి లోపల, కొక్కెం కింద పెట్టు. ఇంకోటి బయట, బ్రేకు అరిగిన గుంటలో పెట్టు. రెండిటినీ కలిపి కాలిపర్‌తో పట్టుకుని, వచ్చిన దాంట్లోంచి 4 తీసేయి. చక్రం చుట్టూ ఆరు చోట్ల, రెండు వైపులా కొలువు. అన్నిటికంటే తక్కువ వచ్చిందే లెక్క, సగటు కాదు. కొత్త రిమ్ గోడ మామూలుగా ఒకటిన్నర మి.మీ.కి అటూ ఇటూ ఉంటుంది. 1.2 పైన ఉంటే నిశ్చింతగా నడుపు. 1.0 అంటే ఆయుష్షు దగ్గర పడింది. అంతకన్నా తక్కువైతే ఊరికే ఇచ్చినా వద్దు.

కాలిపర్ లేకపోతే స్టీలు స్కేలు అంచు బ్రేకు పట్టీ (రిమ్ మీద షూ రాసుకునే చోటు) మీద నిలువుగా ఆనించి, వెనక టార్చి వెయ్యి. మధ్యలోంచి వెలుతురు బాగా కనిపిస్తే గోడ లోపలికి అరిగిందన్నమాట. మావిక్ రిమ్ముల మీద అరుగుదల గుర్తుగా ఒక చిన్న గుంట చుక్క ఉంటుంది. అది చెరిగిపోయి ఉంటే ఇక కొలవనే అక్కర్లేదు.

తర్వాత పుల్లలు. క్సీరియం ఎస్.ఎల్. పుల్లలు జిక్రాల్ అనే అల్యూమినియం మిశ్రమంతో చేసినవి. చక్రం గట్టిగా ఉంటుంది, తొక్కితే వెంటనే ముందుకి దూకుతుంది. ఆ అనుభూతి నిజమే, నేను నడిపాను. కానీ అల్యూమినియానికి ఒక స్వభావం ఉంది. స్టీలు ఒక హద్దులోపు బరువుని ఎన్నిసార్లైనా తట్టుకుంటుంది. అల్యూమినియంలో చిన్న బరువు తెచ్చే అలసట కూడా ప్రతి తిప్పుకీ లోపల జమవుతూ పోతుంది. పైకి ఏమీ తెలియదు. చైన్ ఎప్పుడైనా క్యాసెట్‌కీ పుల్లలకీ మధ్య పడి ఉంటే కుడివైపు పుల్లల మీద గీతలు పడతాయి. ఆ గీత దగ్గరే రేపు విరుగుతుంది. గోటితో రాసి చూడు, గోరు తట్టుకుంటే అది గీత కాదు, గాయం. అలాగే పుల్ల రిమ్ములోకి దిగేచోట గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడు. వెంట్రుకంత చీలిక కనిపించినా ఆ రిమ్ అయిపోయినట్టే. పుల్లల్ని వేళ్లతో మీటితే ఒకవైపువన్నీ దగ్గర దగ్గరగా ఒకే స్వరం పలకాలి. ఒకటి మూగగా ఉందంటే టెన్షన్ పోయింది. వాటిని బిగించే రెంచ్ కూడా వేరు, మన సైకిల్ షాపుల్లో ఉండే నిపుల్ (పుల్ల చివర బిగించే నట్టు) కీ పట్టదు. అమ్మేవాళ్ల దగ్గర అది ఉందేమో అడుగు. ఉంటే తప్పకుండా తీసుకో.

ఈ రిమ్ములో ఒక మేలు కూడా ఉంది. పుల్ల నేరుగా రిమ్ లోపలి గోడకే బిగుసుకుంటుంది కాబట్టి టైరు వైపు రంధ్రాలే లేవు. రిమ్ టేపు అక్కర్లేదు. టేపు జరిగి ట్యూబు పంక్చరయ్యే బాధ ఉండదు.

వెనక హబ్ (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం) దగ్గర చెవి పెట్టు. తొక్కడం ఆపి చక్రాన్ని తిరగనిస్తే కీచుమని అరుస్తోందా? ఫ్రీహబ్ (హబ్ మీద క్యాసెట్ ఎక్కే భాగం) లోపలి చివర ప్లాస్టిక్ బుష్ ఒకటుంటుంది. నూనె ఆరిపోతే అరుస్తుంది, ఇంకా నడిపితే అరుగుతుంది. 5, 10 అలెన్ కీలుంటే పదిహేను నిమిషాల్లో విప్పి తుడిచి పల్చటి మినరల్ ఆయిల్ వేసుకోవచ్చు. గ్రీజు మాత్రం పెట్టొద్దు, లోపలి పళ్లు అతుక్కుపోతాయి. క్యాసెట్‌ని పట్టుకుని పైకీ కిందకీ ఊపు. కొంచెం కదలడం మామూలే. గడగడలాడితే బుష్ పోయినట్టు. బేరింగులకి భయపడకు. అవి కార్ట్రిడ్జివి, మీ రాణిగంజ్‌లో నంబరు చూపిస్తే ఇచ్చేస్తారు.

ఇక బరువు. 420 గ్రాములు తగ్గుతుంది. నీ 84 కిలోలు, బండి పది కిలోలు, కలిపి 94. అందులో 420 గ్రాములంటే అర శాతం కూడా లేదు. ఇరవై నిమిషాలు పట్టే ఎక్కుడులో ఐదారు సెకన్లు. చక్రం అంచున తగ్గిన బరువు రెండింతలు అంటారు కదా, అది వేగం పెంచేటప్పుడు మాత్రమే. ఒకే వేగంతో ఎక్కుతుంటే గ్రాము ఎక్కడున్నా గ్రామే. ఆ ఐదు సెకన్ల కోసం ఆ ధర పెడుతున్నావా, చక్రం ఇచ్చే హుషారు కోసమా అన్నది నువ్వే తేల్చుకో. హుషారు కోసమైతే నేను తప్పు పట్టను.

నేనైతే ధర ఇలా కడతాను. గోడలు 1.3 పైన, చీలికలు లేవు, ఫ్రీహబ్ బాగుంది అంటే 8 వేలు, మహా అయితే 10. పేరుకి ఒక్క రూపాయి కూడా కలపను. 2020లో మావిక్ కంపెనీ కోర్టు మెట్లెక్కి చేతులు మారింది. ఇంత పాత మోడలుకి పుల్ల కావాలంటే పాత సరుకు వెతుక్కోవాల్సిందే. పైగా రేపు డిస్క్ బ్రేక్ బండి కొంటే ఇవి దానికి అసలే రావు.

ఒక్క మాట మా ఊరివాళ్ల కోసం. బీచ్ దగ్గర ఇళ్లలో ఉంచిన చక్రాలైతే నిపుళ్ల దగ్గర తెల్ల పొడి ఉందేమో చూడండి. ఉప్పుగాలికి అల్యూమినియం నిపుల్ పుల్లకి కరుచుకుపోతుంది. తిప్పితే పుల్లే మెలిపడుతుంది తప్ప నిపుల్ కదలదు.

డాలస్ తెలుగు సైక్లిస్ట్:

ఇక్కడ మా గ్రూపులో దాదాపు అందరూ డిస్క్ బ్రేకులకి మారిపోయారు. మంచి రిమ్ బ్రేక్ చక్రాలు గ్యారేజీల్లో వేలాడుతున్నాయి. అందుకే ఇప్పుడు బేరం కొనేవాళ్ల చేతిలో ఉంది, తొందరపడకండి. ఆయన అమెరికాలో ఏ ఊళ్లో ఉండేవారో అడగండి. మా టెక్సస్‌లో నడిచిన రిమ్ముకీ సియాటిల్ వానల్లో నడిచిన రిమ్ముకీ చాలా తేడా. అలాగే ఎవరైనా పాత కార్బన్ రిమ్ బ్రేక్ చక్రాలు చవగ్గా ఇస్తామంటే ఘాట్ రోడ్లు దిగేవాళ్లు తీసుకోవద్దని నా మనవి. బ్రేకు వేడికి లోపలి జిగురు మెత్తబడితే రిమ్ ఉబ్బుతుంది, పైకి రంగు కింద అది కనిపించదు.

మియాపూర్ పెడల్:

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం కాలిపర్, పుల్ల ముక్కలు, టార్చి పట్టుకుని వెళ్లాను. ఆయన చాలా మంచాయన. తనే టైర్లు విప్పి ఇచ్చారు, పక్కన కూర్చుని కాగితం మీద అంకెలు రాసుకున్నారు.

ముందు చక్రం: అన్నిటికన్నా తక్కువ 1.3. చీలికలు లేవు, పుల్లలన్నీ ఒకే స్వరం. బేరింగ్ నూనెలా తిరుగుతోంది.

వెనక చక్రం: ఎడమవైపు 1.1. కుడివైపు ఒకచోట 0.9 వచ్చింది. మూడుసార్లు కొలిచాను, ఆయన కూడా కొలిచారు. డాలస్ అన్నా, మీరు చెప్పినట్టే అయింది. ఐదేళ్లు సియాటిల్‌లో ఆఫీసుకి రోజూ వీటి మీదే వెళ్లారట. వానలో ముందు బ్రేకు పడితే జారతానని ఎప్పుడూ వెనక బ్రేకే పట్టేవారట. చక్రాలు మెరవడానికి కారణం కూడా తెలిసింది. అమ్మే ముందు వాళ్లబ్బాయి పాలిష్ పెట్టాడు.

ఆయన మొహం చూస్తే బాధేసింది. "నేనే మొన్న మావాడికి ఈ బండి ఇచ్చి గండిపేట తీసుకెళ్లాను" అన్నారు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

చివరికి ముందు చక్రం ఒక్కటే 4 వేలకి ఇచ్చారు, రెంచ్ కూడా ఇచ్చేశారు. వెనకది అమ్మనన్నారు. మిగిలిన డబ్బుతో వెనక చక్రం 32 స్టీలు పుల్లలతో కట్టించుకుందామనుకుంటున్నాను. నల్గొండ అన్న చెప్పిన అర్ధరాత్రి నాకూ రావచ్చు కదా. సాగరతీరం గారూ, హబ్, రిమ్ నేను కొంటే కట్టడం ఎలాగో చెబుతారా? ముందు ఒకటి, వెనక ఇంకోటి వేరే రకం ఉంటే నడపడంలో ఇబ్బంది ఉంటుందా?

సాగరతీరం (విశాఖ):

ఏ ఇబ్బందీ ఉండదు. బరువులో ఎక్కువ పాలు వెనక చక్రం మీదే పడుతుంది, పెడల్ బలం కూడా దాని పుల్లల గుండానే వెళ్తుంది. గట్టిది అక్కడే ఉండాలి. ముందు క్సీరియం ఉంచుకో, టైరు 28 మి.మీ.ది వేసుకో. నీ బ్రేకు కింద ఖాళీ ఉందో లేదో ముందు చూసుకో.

ఆయనకి నా మాటగా ఒకటి చెప్పు. ఆ వెనక చక్రాన్ని గోడకి వేలాడదీసి ఉంచొద్దనండి. రెండేళ్ల తర్వాత ఎవరో చూసి, బాగుందని టైరెక్కిస్తారు. హాక్సా బ్లేడుతో రిమ్ కోసేసి, హబ్ మాత్రం దాచుకోమను.

హబ్ 32 రంధ్రాలది, వెనక 130 మి.మీ. యాక్సిల్‌ది తీసుకో. రిమ్ కొన్నాక నిపుళ్లు కూర్చునే చోట దాని వ్యాసం, హబ్ అంచుల కొలతలు ఇక్కడ పెట్టు. రెండు వైపులా పుల్లల పొడవు వేరుగా ఉంటుంది, లెక్క కట్టి చెబుతాను. అంతదాకా పుల్లలు కొనొద్దు.