షెపర్డ్‌కు ఎండాకాలంలో గుండు చేయించవచ్చా?

తార్నాక భైరవ:

మా భైరవ మూడేళ్ల జర్మన్ షెపర్డ్, మగది, 34 కిలోలు. తార్నాకలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. శివరాత్రి వెళ్లినప్పటి నుంచి బొచ్చు రాలడానికి పట్టపగ్గాలు లేవు. ఉదయం ఊడ్చిన గది మధ్యాహ్నానికి మళ్లీ మొదటికొస్తోంది. నిన్న మా మామగారి పెరుగన్నంలో వెంట్రుక వచ్చింది. ఆయన ఒక్క మాటా అనలేదు, కంచం పక్కకు జరిపి లేచిపోయారు. తిట్టినా బాగుండేది.

మా వీధి చివర కుక్కలకు క్షవరం చేసే దుకాణం ఉంది. మెషిన్‌తో మొత్తం తీసేస్తే ఒంటికి చల్లగా ఉంటుందని, రాలే గొడవా వదులుతుందని అతను అంటున్నాడు. మా వారికి ఈ మాట బాగా నచ్చింది, నాకే మనసు ఒప్పడం లేదు. ఇంకో సంగతి. మా అత్తగారు ప్రతి ఆదివారం కుంకుడుకాయ రసంతో దానికి తలంటు పోస్తున్నారు. గిన్నె చప్పుడు వినగానే మంచం కిందికి దూరుతోంది. ఆమెను వద్దనాలంటే నా దగ్గర గట్టి కారణం ఉండాలి. తెలిసినవారు చెప్పండి.

సైనిక్‌పురి పెద్దాయన:

గుండు మాత్రం చేయించకండమ్మా. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ షెపర్డ్‌లనే పెంచుతున్నాను, ఈ సలహా ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు ఇస్తూనే ఉన్నారు.

దాని ఒంటి మీద బొచ్చు రెండు పొరలు. పైన గరుకుగా కనిపించేది ఒకటి, దాని కింద చర్మాన్ని అంటిపెట్టుకుని మెత్తటి నూగు. పై పొర ఎండను చర్మం దాకా రానివ్వదు, వాన నీటిని జార్చేస్తుంది. మీ ఇంట్లో ఇప్పుడు ఎగురుతున్నది చాలావరకు కింది నూగు. మనకు పట్టినట్టు కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, అది వగరుస్తూ వేడి తగ్గించుకుంటుంది. కాబట్టి బొచ్చు తీస్తే చల్లదనమనేది దుకాణదారు లెక్కే కానీ కుక్క లెక్క కాదు. పైగా తీశాక నూగు త్వరగా పెరుగుతుంది, పై వెంట్రుక నింపాదిగా వస్తుంది. కొన్నిటికి అక్కడొక అతుకు, ఇక్కడొక అతుకుగా మొలిచి నెలల తరబడి అలాగే ఉంటుంది. రాలడమైనా ఆగుతుందా అంటే అదీ లేదు. పొడుగు వెంట్రుకలకు బదులు పొట్టి ముక్కలు రాలి సోఫా గుడ్డలో దిగబడతాయి, వాటిని ఊడ్చడం మరీ కష్టం.

1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే అశ్వికదళ అధికారి జర్మనీలో ఈ జాతి కోసం సంఘం పెట్టినప్పుడు, గొర్రెలు కాసే కుక్కను దృష్టిలో పెట్టుకున్నాడు కానీ తార్నాక మే నెలను కాదు. అందుకని దాని కోటు ఊడబీకితే ఎలా? మధ్యాహ్నం చల్లటి గచ్చు మీద, ఫ్యాను కింద పడుకోనివ్వండి. నడకకు తెల్లవారుజామునే తీసుకెళ్లండి.

ఇక దువ్వడం. అంతా ఇందులోనే ఉంది. పొడవాటి పళ్లుండే రేక్ ఒకటి, సన్నటి తీగల స్లిక్కర్ బ్రష్ ఒకటి కొనండి. చాలామంది వీపు మీద నాలుగుసార్లు లాగి అయిందనుకుంటారు, అలా పైపైన లాగితే నూగు అందదు. ఎడమ చేత్తో బొచ్చును పైకెత్తి పట్టుకుని, చర్మం కనిపించేలా పాయ తీసి, కింది నుంచి కొంచెం కొంచెంగా దువ్వుతూ పైకి రావాలి. తొడల వెనక, తోక మొదట్లో, మెడ చుట్టూ గుత్తులు గుత్తులుగా వస్తుంది. మొదటిసారి చూస్తే రెండో కుక్క తయారవుతుందేమోనని భయం వేస్తుంది. ఈ కాలంలో రోజూ పావుగంట, తక్కిన కాలంలో వారానికి రెండుమూడు సార్లు చాలు. అంచు పదునుగా ఉండే పరికరాలతో జాగ్రత్త, అదే పనిగా లాగితే పై వెంట్రుక తెగిపోతుంది.

స్నానం నెలకో, నెలన్నరకో ఒకసారి. పోసే ముందే దువ్వాలి, తడిసిన నూగు ముద్ద కట్టిందంటే విడదీయలేరు. మీది బోరు నీళ్లయితే షాంపూ ఓ పట్టాన వదలదు, చాలాసేపు కడగండి. తువ్వాలుతో అద్దాక డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి చర్మం దాకా ఆరబెట్టండి. పైకి ఆరినట్టే ఉండి లోపల తడి నిలిచిపోతే అక్కడ గోకి, నాకి ఒక్క పూటలో చెమ్మపుండు చేసుకుంటుంది.

కూకట్‌పల్లి రాణి:

పెద్దాయనతో నేను పూర్తిగా ఏకీభవించను. మా రాణిది పొడుగు బొచ్చు రకం. తోక కింద, తొడల మధ్య, పాదాల వేళ్ల సందుల్లో కత్తిరించకపోతే మలం అంటుకుంటుంది, నున్నటి టైల్స్ మీద జారిపడుతుంది. కత్తెర అసలు తగలకూడదంటే కుదరదు.

సైనిక్‌పురి పెద్దాయన:

అది శుభ్రత కోసం చేసేది, నేనూ చేయిస్తాను. నేను వద్దన్నది ఒళ్లంతా మెషిన్ పెట్టడాన్ని.

రాజేంద్రనగర్ విద్యార్థి:

పశువైద్యం చదువుతున్నాను. కుంకుడు రసం కంట్లో పడితే మనమే తట్టుకోలేం. వారం వారం రుద్దితే చర్మం మీది సహజమైన నూనె పోయి పొడిబారుతుంది, దురద పెరుగుతుంది. మన షాంపూలూ వద్దు. మన చర్మం ఆమ్లగుణం కలది, కుక్క చర్మం తటస్థానికి దగ్గర. మీ అత్తగారికి కావలసిన కారణం ఇదే.

బొచ్చు ఒళ్లంతా సమానంగా రాలుతుంటే అది ఋతువు పని. గుండ్రటి మచ్చలు, ఎర్రదనం, పొక్కులు, చెడు వాసన ఉంటే గజ్జో, ఫంగసో, థైరాయిడ్ లోపమో కావచ్చు. అప్పుడు దువ్వెన పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి.

దువ్వేటప్పుడే చెవుల లోపల, కాలర్ కింద, వేళ్ల సందుల్లో పిడుదుల కోసం వెతకండి. వాటి మీద కిరోసిన్ పోయకండి. చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. వాటివల్ల వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కు నుంచి రక్తం కారిన కుక్కలను చూశాను. నివారణకు డాక్టరు బరువు చూసి మాత్ర ఇస్తారు. ఇంట్లో గోడ పగుళ్లు కూడా చూసుకోండి, మన ఊళ్లో కుక్కలకు పట్టే గోధుమ రంగు పిడుదు అక్కడే గుడ్లు పెడుతుంది.

తార్నాక భైరవ:

అందరికీ ధన్యవాదాలు. చర్మం, నూనె సంగతి అత్తగారికి చదివి వినిపించాను. కుంకుడు మానతారట, కానీ షాంపూ ఆమే పోస్తారట. గుండు మాట మా వారు ఇక ఎత్తరు. రేక్ తెప్పించి ఈ రోజే బాల్కనీలో మొదలుపెడతాను.

సైనిక్‌పురి పెద్దాయన:

బాల్కనీలో వద్దమ్మా, కింది ఇంటివాళ్లు బట్టలు ఆరేసుకుంటారు. మేడ మీదికి తీసుకెళ్లండి, గాలి లేనప్పుడు, పక్కన మూత ఉన్న డబ్బా పెట్టుకుని.