దుందున్ చేయాలంటే యామ్ ముందు ఉడకబెట్టాలా?

లాగోస్_వంటిల్లు:
అందరికీ నమస్తే అండి. ఇక్కడ లాగోస్‌లో సాయంత్రం పూట రోడ్డు పక్కన మూకుడు పెట్టి వేయించి ఇస్తారు కదా యామ్ (పెండలం జాతి దుంప), నైజీరియాలోని యోరుబా వాళ్ళ దుందున్, అది నాకు తెగ నచ్చేసింది, పైన కరకర లోపల పిండిపిండిగా ఉంటుంది. ఇంట్లో అలాగే రావాలంటే ముక్కలు ఉడికించి వేయించాలా, పచ్చివే నూనెలో వేసేయాలా? దాంతో ఇచ్చే ఎర్ర కారం కూడా చెప్పండి ప్లీజ్.

ఇబాదాన్_అక్క:
పచ్చివే వేయమ్మా, ఉడికిస్తే ఆ కరకర తగ్గిపోతుంది. అసలు కిటుకు దుంపలో ఉంది, పాత వైట్ యామ్ తీసుకో, ఆగస్టు ప్రాంతంలో మార్కెట్‌కి వచ్చే కొత్త యామ్‌లో నీరెక్కువ, సరిగ్గా వేగదు. చెక్కు తీసేటప్పుడు చేతులకి నూనె రాసుకో, దురద పెట్టదు. వేలు మందాన కోసి ఉప్పు నీళ్ళలో వేస్తే రంగు మారదు, తర్వాత గుడ్డతో బాగా తుడిచి పల్లీ నూనెలో వేయించు. మంట మాత్రం మీడియం దాటకూడదు, థర్మామీటర్ ఉంటే 170 డిగ్రీలు చాలు. పెద్ద మంట మీద పైన మాడుతుంది లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఫోర్క్ గుచ్చితే సులువుగా దిగాలి అప్పుడే తియ్యి.

నూనె_మూకుడు:
అక్కా ఉడికించకూడదని అంత గట్టిగా అనలేం. మందం ముక్కలైతే ఉప్పు నీళ్ళలో సగం ఉడికించి ఆరబెట్టి వేయిస్తే ఉప్పు లోపలిదాకా పడుతుంది. గుడ్డు, మైదా పట్టించి చేసే యామరీటాకైతే ఉడికించే తీరాలి. మామూలు దుందున్‌కి మాత్రం మీరన్నట్టు పచ్చిదే బాగుంటుంది.

ఆ కారం పేరు అటా దిందిన్. టాటాషే (పెద్ద ఎర్ర మిరపకాయలు), ఉల్లిపాయ, రోడో మిరపకాయలు బరకగా రుబ్బి, నీరంతా ఇగిరేదాకా ఉడికించి, పామాయిల్ పోసి నూనె పైకి తేలేవరకు ఓపిగ్గా వేయించాలి. ఈ ఓపికే ముఖ్యం అండి, నీరు మిగిలితే పచ్చి వాసన పోదు. రోడో బాగా ఘాటు, మొదటిసారి ఒక్కటే వేయండి.

లాగోస్_వంటిల్లు:
చాలా థాంక్స్ ఇద్దరికీ. ఇంట్లో వాటర్ యామ్ అనే ఇంకో రకం దుంప ఉంది, దాంతో చేసేయనా?

ఇబాదాన్_అక్క:
వద్దమ్మా, అందులో తేమ ఎక్కువ, పిండిపిండిగా రాదు. దాన్ని తురిమి ఉల్లిపాయ, మిరపకాయ, ఉప్పు కలిపి చిన్న చిన్న ఉండల్లా నూనెలో వెయ్యి, ఓజోజో అంటారు, అదీ యోరుబా వంటే, చాలా బాగుంటుంది.