ఒక్క ప్యాకెట్‌కే సర్వర్ పడిపోయే డాస్ బగ్గులు: మీ అనుభవాలు చెప్పండి

రాత్రిషిఫ్ట్
మా దగ్గర ఎక్కువ లినక్స్ బాక్సులు, కొన్ని విండోస్. స్కాన్ రిపోర్టులో "రిమోట్ డినయల్ ఆఫ్ సర్వీస్" (డాస్, అంటే దూరం నుంచే బాక్స్‌ని పడగొట్టే బగ్గు) అని వచ్చినవన్నీ పైవాళ్లు "డేటా పోదు కదా, వచ్చే నెల చూద్దాం" అని పక్కన పెట్టిస్తున్నారు. బాక్స్ పడితే రాత్రి లేచేది మాత్రం మేమే. ప్యాచ్ వేసేదాకా మీరేం చేస్తారు? తప్పు డ్రైవర్‌దా (నెట్‌వర్క్ కార్డుని నడిపే ప్రోగ్రాం), టీసీపీ స్టాక్‌దా (ఓఎస్‌లో ప్యాకెట్లను చూసుకునే భాగం) అని ఎలా తేలుస్తారు? పైవాళ్లను ఎలా ఒప్పిస్తారు?

పాతకాపు
1997 నుంచి చూస్తున్నాను తమ్ముడూ. విండోస్ 95కి 139 పోర్టు మీద అర్జెంట్ ఫ్లాగ్ ఉన్న ప్యాకెట్ పంపితే చాలు, బ్లూస్క్రీన్. విన్‌న్యూక్ అనేవాళ్లం. అదే ఏడాది ల్యాండ్ వచ్చింది. పంపినవాడి అడ్రసూ అందుకునేవాడి అడ్రసూ ఒకటే పెడితే మెషీన్ తనకు తానే జవాబు చెప్పుకుంటూ బిగుసుకుపోయేది. 2005లో ఎక్స్‌పీ ఎస్పీ2, సర్వర్ 2003ల్లో అదే మళ్లీ తేలింది. నా సలహా ఒక్కటే: విండోస్ బాక్సుల్లో ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రసుల పద్ధతి) ఆపేయండి, సగం తలనొప్పి పోతుంది.

గుంటూరు_నెట్
ఆ సలహా వల్లే మేం నానా తిప్పలు పడ్డాం. మాకంటే ముందు పనిచేసినవాళ్లు ఎవరో ఆపేసి వెళ్లారు, ఎక్కడా రాసిపెట్టలేదు. జియో సిమ్ ఉన్న ఫోన్లు చాలావరకు ఐపీవీ6 మీదే వస్తాయి. కస్టమర్ "మీ యాప్ స్లో" అంటాడు, మనం డేటాబేస్ తవ్వుతూ కూర్చుంటాం. ఐపీవీ6 ఆపొద్దని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంట్లే చెబుతున్నాయి.

పాతకాపు
2024 ఆగస్టులో వచ్చిన సీవీఈ-2024-38063 మర్చిపోయారా (సీవీఈ అంటే బయటపడ్డ బగ్గుకి ఇచ్చే నంబరు)? అది ఒట్టి డాస్ కాదు, అవతలివాడు మన మెషీన్‌లో తన కోడ్ నడిపించే బగ్గు. ఐపీవీ6 ఆపి ఉన్న మెషీన్లకు ఏమీ కాదని అదే మైక్రోసాఫ్ట్ చెప్పింది.

ప్యాచ్_పార్వతి
ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ మధ్యలో ఇంకో దారి ఉంది. ప్రతిదానికీ మొత్తం ఐపీవీ6 ఆపక్కర్లేదు. 2020 అక్టోబరులో సీవీఈ-2020-16898 వచ్చింది. రౌటర్ తన గురించి నెట్‌వర్క్‌లో పంపే ప్రకటనలోని డీఎన్ఎస్ ఆప్షన్‌కి సరిసంఖ్య పొడవు పెడితే టీసీపీఐపీ డ్రైవర్ తడబడేది. దానికి ఆ ఒక్క డీఎన్ఎస్ ఫీచర్‌ని నెట్‌ష్ అనే విండోస్ కమాండ్‌తో ఆపితే సరిపోయింది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన సీవీఈ-2021-24086 ముక్కలైన ప్యాకెట్లను కలిపే చోట ఉంది, దానికి రీఅసెంబ్లీ లిమిట్ సున్నా చేస్తే చాలు. ఇంకో మాట, 38063కి విండోస్ సొంత ఫైర్‌వాల్ అడ్డం కాదు. ప్యాకెట్ అక్కడికి చేరకముందే పని అయిపోతుంది. "ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంది" అని టికెట్ మూసేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

కెర్నల్_కుర్రోడు
విండోస్ గొడవ పక్కన పెట్టండి, ఆయన దగ్గర ఎక్కువ లినక్స్ బాక్సులే. 2019 జూన్ నాటి శాక్ ప్యానిక్ (శాక్ అంటే ఏ ప్యాకెట్లు చేరాయో అవతలివాడు చెప్పే టీసీపీ పద్ధతి) చూడండి, సీవీఈ-2019-11477, బయటపెట్టింది నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్. ఒక సాకెట్ బఫర్‌లో (కెర్నల్ ప్యాకెట్ డేటా దాచే చోటు) 17 ముక్కలు, ఒక్కోటి 32 కేబీ దాకా పడతాయి. అవతలివాడు ఎంఎస్ఎస్ (ఒక్కో సెగ్మెంట్‌లో పట్టే గరిష్ఠ సైజు) 48 అని చెబితే ఆప్షన్లు పోను ఒక్కో సెగ్మెంట్‌కి మిగిలేది 8 బైట్లే. గుణించి చూడండి: 17 × 32,768 ÷ 8 = 69,632. ఆ సెగ్మెంట్ల లెక్క దాచుకునే చోటు 16 బిట్లు, 65,535 దాటితే పట్టదు. అక్కడ కెర్నల్ ప్యానిక్, అంటే మెషీన్ మొత్తం ఆగిపోతుంది. లినక్స్ కెర్నల్ 2.6.29 నుంచీ ఉన్న బగ్గు! మీ మేనేజర్‌కి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. లాగిన్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, టీసీపీ కనెక్షన్ దొరికితే చాలు.

డల్లాస్_నుంచి
దానికి అందరూ చేసింది శాక్ సెట్టింగ్ సున్నా (ఆఫ్) చేయడం. ప్యాచ్ వచ్చాక తిరిగి ఒకటి చేసింది ఎవరు? మా హైదరాబాద్ టీమ్‌కి ఫైళ్లు పంపితే నత్తనడక. లైన్‌లో కాస్త ప్యాకెట్ లాస్ ఉంటే చాలు, శాక్ లేకుండా పోయినవాటితో పాటు చేరినవీ మళ్లీ పంపాల్సి వస్తుంది. తక్కువ ఎంఎస్ఎస్‌తో వచ్చే కనెక్షన్లను ఐపీటేబుల్స్‌లో (లినక్స్ ఫైర్‌వాల్) అడ్డుకుని, ఎంటీయూ ప్రోబింగ్ (దారిలో ఎంత పెద్ద ప్యాకెట్ పడుతుందో వెతకడం) ఆపితే సరిపోయేది. అదీ నెట్‌ఫ్లిక్స్ ప్రకటనలోనే ఉంది, ఎవరూ చదవరు.

పాతకాపు
ఈ సీవీఈలన్నిటి వెంటా పరిగెత్తడం ఎవరి తరం? 2024 ఫిబ్రవరిలో లినక్స్ కెర్నల్ వాళ్లే నంబర్లు ఇచ్చుకోవడం మొదలుపెట్టాక ప్రతి చిన్న సవరణకూ ఒక సీవీఈ. మేం వాడని కార్డుల డ్రైవర్లకి కూడా రిపోర్టు ఎర్రగా వస్తోంది. ఇదంతా కాగితాల పని.

కెర్నల్_కుర్రోడు
కాగితాల పని కాదండీ. ఏ సవరణ ఎవరి మెషీన్‌లో ప్రమాదమో కెర్నల్ వాళ్లకి ఎలా తెలుస్తుంది? ఏ మాడ్యూల్ (కెర్నల్‌కి తగిలించే డ్రైవర్ లాంటి ముక్క) లోడ్ అయిందో చూసుకుని వడకట్టుకోవాల్సింది మనం. అది చేయకుండా వాళ్లను తిట్టడం అన్యాయం.

పాతకాపు
నువ్వు పుట్టకముందు నుంచి నేను సర్వర్లు చూస్తున్నా. నాకు అన్యాయం గురించి చెప్పకు.

ప్యాచ్_పార్వతి
పాతకాపు గారూ, వయసు సంగతి వద్దు. ఆ పిల్లాడు చెప్పింది సరైన మాట. మేం అలాగే వడకడతాం, లిస్టు సగానికి పైగా తగ్గుతుంది.

వాయిస్_ఓవర్_ఐపీ
ఇంతసేపూ స్టాక్ గురించే, డ్రైవర్ మాట ఎవరూ ఎత్తలేదు. 2013లో ఇంటెల్ 82574ఎల్ కార్డు కథ మా ఫీల్డులో అందరికీ గుర్తే. ప్యాకెట్‌లో హెక్స్ 47ఎఫ్ స్థానంలో ఉన్న బైట్ "2" గానీ "3" గానీ అయితే కార్డు చచ్చేది. "4" వస్తే ఆ తర్వాత ఏం పంపినా చావదు! సిప్ (ఇంటర్నెట్ ఫోన్) కాల్ ప్యాకెట్లతో బయటపడింది. రీబూట్ చాలదు, కరెంటు పూర్తిగా తీసి పెట్టాలి. ఒక బోర్డు తయారీదారు ఈఈప్రామ్ (కార్డు సెట్టింగులుండే చిప్) తప్పుగా రాయడం వల్లేనని ఇంటెల్ చెప్పింది. అంటే తప్పు డ్రైవర్‌లోనూ లేదు, స్టాక్‌లోనూ లేదు.

రాత్రిషిఫ్ట్
అందరికీ థాంక్స్. లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను. కానీ తప్పు డ్రైవర్‌దా, స్టాక్‌దా అన్న నా రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. మా బాక్స్ పడినప్పుడు నెట్‌కన్సోల్‌లో (కెర్నల్ లాగ్‌ని నెట్‌వర్క్ మీదుగా ఇంకో మెషీన్‌కి పంపేది) ఒక్క లైను కూడా రాలేదు.

కెర్నల్_కుర్రోడు
రాదు అన్నా. నెట్‌కన్సోల్ వెళ్లేది కూడా అదే కార్డు మీదుగా. డ్రైవరే బిగుసుకుపోతే ఆఖరి మాట ఎలా బయటికొస్తుంది? ఐపీఎంఐ (బోర్డులోనే ఉండే రిమోట్ నిర్వహణ) సీరియల్ కన్సోల్ తెరిచి లాగ్ ఫైల్లోకి మళ్లించి పెట్టండి, కేడంప్ (ప్యానిక్ అయినప్పుడు మెమరీని ఫైల్లో దాచేది) ఆన్ చేయండి. ప్యానిక్ ట్రేస్‌లో ఆర్ఐపీ లైను (ఏ ఫంక్షన్‌లో ఆగిందో చెప్పేది) చూడండి. ఫంక్షన్ పక్కన స్క్వేర్ బ్రాకెట్లలో మాడ్యూల్ పేరుంటే ముందు ఆ డ్రైవర్‌ని అనుమానించండి. పేరు లేకుండా టీసీపీ ఫంక్షన్ కనిపిస్తే అది స్టాక్.

కొత్తగా_చేరా
మా బాక్స్‌లో "ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్" అని వచ్చి నెట్ పోయి మళ్లీ వస్తోంది. ఎవరైనా దాడి చేస్తున్నారా? టెన్షన్‌గా ఉంది.

గుంటూరు_నెట్
చాలాసార్లు అది దాడి కాదు. కార్డు పంపడం ఆపేసిందని కెర్నల్ కాపలా టైమర్ గమనించి రీసెట్ చేస్తోంది. ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో టీఎస్ఓ, జీఎస్ఓ (పెద్ద డేటాని ప్యాకెట్లుగా కోసే పనిని వాయిదా వేసే ఫీచర్లు) ఆపి ఒక రాత్రి చూడండి. ఆగితే డ్రైవర్, ఫర్మ్‌వేర్ కొత్తవి వేయండి. అప్పటికీ వస్తే కొత్త థ్రెడ్ తెరిచి కార్డు మోడల్ రాయండి, ఇక్కడ కలిసిపోతుంది.