గాడిచర్ల వారు మెత్తబడినారా? మావాడి ప్రశ్నకు జవాబు కావాల

తుంగభద్ర గట్టు, కర్నూలు:
అందరికీ నమస్కారం. మావాడు ఎనిమిదో తరగతి. వక్తృత్వ పోటీలో మన కర్నూల్లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి గురించి మాట్లాడతానన్నాడు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రికి వచ్చిపోయినాక వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకొని కాలేజీ పోగొట్టుకున్నది, 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు 3 ఏళ్లు జైలుకు పోయింది, అంతా గడగడ చెప్తాడు. ఆ తర్వాత దగ్గర ఆగిపోయినాడు. "నాన్నా, తెల్లోళ్లను పొమ్మన్న మనిషి 1927లో వాళ్ల మద్రాసు కౌన్సిల్లో, అదే శాసన మండలిలో, ఎట్ల కూర్చున్నాడు? భయపడినాడా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన్ను చిన్నప్పటి నుంచి దేవుని మాదిరి చూసినోణ్ని. పెద్దోళ్లు చెప్పండి.

పాత లైబ్రేరియన్, అనంతపురం:
నాయనా, భయం కాదు. ఆయన జైల్లో ఉండగానే 1910 ప్రెస్ చట్టం వచ్చింది. పత్రికలోళ్లను ముందుగానే సర్కారుకు ధరావతు, అంటే పూచీ డబ్బు, కట్టమనేవాళ్లు. సర్కారుకు గిట్టని మాట పడితే ఆ డబ్బు పాయె, మళ్లీ రాస్తే ప్రెస్సే పాయె. అయినా ఆయన పత్రికలు వదల్లేదు, ‘ఆంధ్రపత్రిక’లో పనిచేసినారు. గ్రంథాలయాలు, వయోజన విద్య అని ఊరూరా తిరిగింది ఎందుకో నాకు మా నాయన్ను చూస్తే అర్థమయింది. మా ఊళ్లో రచ్చకట్ట మీద ఒకరు పేపరు చదివితే ఇరవై మంది వినేవాళ్లు. చదివేటోడు ఏ ముక్క దాటేస్తే అది వాళ్లకు లేనట్లే. ఒకనాడు మా నాయనకు అనుమానమొచ్చి, రాత్రిబడికి పోయి నలభై ఏళ్ల వయసులో అక్షరాలు దిద్దినాడు. చదవలేని ఊరికి ఎంత నిప్పులాంటి రాత రాసినా యాడికి చేరుతుంది?

కడప వాసి:
సార్, మీ మాట మీద గౌరవం ఉంది, కానీ మారలేదని మాత్రం చెప్పొద్దు. మారినారు. 1908 నాటి అతివాది వేరు, కౌన్సిల్ మనిషి వేరు. అది దాచిపెడితే పిల్లోనికి అన్యాయం. కాకపోతే ఆయనొక్కరే కాదు. 1923లో చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూ స్వరాజ్య పార్టీ పెట్టి, కౌన్సిళ్ల లోపలికి పోయి కొట్లాడాలన్నారు. కాంగ్రెస్ వాళ్లు చాలామంది ఆ దారే పట్టినారు. పిల్లోణ్ని ఈ సంగతి కూడా చెప్పమనండి.

తుంగభద్ర గట్టు, కర్నూలు:
ఇద్దరికీ దండాలు. మావాడికి రెండూ చదివి వినిపించినా. "మారినాడని చెప్తా, ఎందుకో కూడా చెప్తా" అన్నాడు. సార్, మీ నాయన సంగతి వాడుకోవచ్చునా?

పాత లైబ్రేరియన్, అనంతపురం:
వాడుకోమను నాయనా. గీత కింద వేలు పెట్టుకొని, పెదాలు కదిలిస్తా, ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివేవాడు. అది కూడా చెప్పమను.