వంటగది గుట్టు రట్టు చేసిన షెఫ్: నిజాయితీయా, గొప్పలు చెప్పుకోవడమా?

లాసన్స్‌బే పాఠకుడు:
ఆంథొనీ బోర్డెయిన్ ‘కిచెన్ కాన్ఫిడెన్షియల్’ మొన్ననే ముగించాను. న్యూయార్క్‌లో షెఫ్‌గా ఉంటూ 1999లో ‘న్యూయార్కర్’ పత్రికకి ఒక వ్యాసం రాశాడు. దానికి వచ్చిన స్పందన చూసి 2000లో పుస్తకమే తెచ్చాడు. సోమవారం చేప ఆర్డర్ చెయ్యొద్దంటాడు. ఒక టేబుల్ మీద మిగిలిన బ్రెడ్ ఇంకో టేబుల్‌కి వెళ్తుందంటాడు. స్టేక్ బాగా కాల్చమని అడిగేవాడికి ఉన్నవాటిలో నాసిరకం ముక్క పడుతుందంటాడు. తన హెరాయిన్ అలవాటు కూడా దాచలేదు. ఇంట్లో ఇద్దరం చదివాం, ఇద్దరికీ గొడవ. మా ఆవిడ ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ అంటుంది, నేను నిజాయితీ అంటాను. మీరేమంటారు? మన వైజాగ్ హోటళ్లకి ఇందులో ఎంత వర్తిస్తుంది?

గాజువాక గురూ:
చదివాక బయట తిండి మానేశారా లేదా, ముందు అది చెప్పండి గురూ. నేనైతే పుస్తకం మూసి నేరుగా బిర్యానీకి వెళ్లాను.

హార్బర్ అబ్బాయి:
సోమవారం చేప అనేది వాళ్ల ఊరి లెక్క. అక్కడి హోటళ్లు శని, ఆదివారాల రద్దీ కోసం శుక్రవారమే సరుకు దింపుకునేవి. అమ్ముడుపోకుండా మిగిలింది సోమవారం ప్లేటులోకి వచ్చేది. తర్వాతి ఏళ్లలో ఆ సలహా పాతబడిందని ఆయనే చెప్పాడు. మన ఫిషింగ్ హార్బర్‌లో ఆదివారం తెల్లారేసరికే కిటకిట. ఇక్కడ చూసుకోవాల్సింది వారం కాదు, నెల. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో కూడా మెనూలో వంజరం ఫ్రై ఎప్పటిలాగే కనిపిస్తే ఎక్కడిదని అడగండి. పడమటి తీరంలో నిషేధం జూన్‌లో మొదలవుతుంది కాబట్టి అటునుంచి వచ్చి ఉండొచ్చు, లేదా ఐసులో దాచినది కావచ్చు. దాన్ని మోసం అనను. మామూలు రోజుల్లోనూ పెద్ద బోటు రోజుల తరబడి సముద్రంలో ఉంటుంది. మొదటిరోజు వలలో పడ్డ చేప ఒడ్డుకి వచ్చేదాకా ఐసులోనే ఉంటుంది. బాగా ఐసు వేస్తే ఏమీ కాదు, పిసినారితనం చేస్తేనే కంపు.

క్యాష్ కౌంటర్:
నాకు మద్దిలపాలెం వైపు చిన్న హోటల్ ఉంది, పేరు వద్దు. ఇలాంటి పుస్తకాలతో ఒరిగేది ఒకటే, కస్టమర్ ప్రతి ప్లేటునీ దొంగలా చూస్తాడు. బ్రెడ్ సంగతి మనకి లేదు గానీ, ఉల్లిపాయ, నిమ్మకాయ ముక్కలు తిరిగి పెట్టేవాళ్లు లేరని ఒట్టేసి చెప్పలేను. మేం పారేస్తాం. వేయించిన నూనెకి 2018 నుంచి రూలుంది, అందులో పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగితే పెరిగే చెడు పదార్థాలు, 25 శాతం దాటకూడదు. తినేవాళ్లలో ఎంతమందికి తెలుసు? మాకు తెలుసు, తెలిసీ పాటించనివాళ్లూ ఉన్నారు. ఇక వైజాగ్‌లో అసలు ‘సోమవారం’ ఏదంటే కార్తీకమాసం! నాన్‌వెజ్ గిరాకీ పడిపోతుంది, ఫ్రీజర్లో సరుకు కదలదు. తెలివైన ఓనర్ దీపావళికి ముందే కొనడం తగ్గిస్తాడు.

పాత మాస్టర్:
అందరూ ప్లేటులో ఏముందో మాట్లాడుతున్నారు. వండేవాడి గురించి ఒక్కరూ అడగలేదు. నిజానికి ఆ పుస్తకంలో ఎక్కువ భాగం వాళ్ల గురించే: కాలిన చేతులు, కత్తిగాట్లు, బూతులు, ఓడదొంగల ముఠాలాంటి బ్యాచ్. ఫ్రెంచి వంట వండేది ఫ్రెంచివాళ్లు కాదు, మెక్సికో, ఈక్వెడార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు అని గౌరవంగా రాశాడు. అది చదువుతుంటే నేను పనిచేసిన కిచెన్‌లే కనబడ్డాయి. చైనీస్ దగ్గర నేపాల్ కుర్రాడు, గిన్నెలు తోమడానికి ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, కర్రీస్‌కి శ్రీకాకుళం మాస్టర్. పొద్దున పదికి ఎక్కితే నాలుగింటికి బ్రేక్, బియ్యం బస్తాల మీద కునుకు. మళ్లీ ఆరింటికి మొదలు, అర్ధరాత్రి దాటాక దిగడం. మే నెలలో ఎగ్జాస్ట్ పాడైతే బర్నర్ ముందు కళ్లు తిరుగుతాయి. అడ్వాన్స్ తీసుకుని ఉంటాం కాబట్టి మానలేం.

నాకు కోపం తెప్పించింది వేరే. ఇదంతా ఆయన రుచిగా చెప్తాడు. తిట్టడం, సతాయించడం, కాలినా ఆగకుండా వండడం, ఇవన్నీ మగతనం అన్నట్టు. ఒకచోట సీనియర్ మాస్టర్ కాలుతున్న గరిటె ఒక కుర్రాడి చేతికి ఆనించాడు. పక్కనున్న వాళ్లమంతా నవ్వాం, ఎందుకంటే అదే పద్ధతి. ఆ పుస్తకం చదివిన హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలు అరవడమే షెఫ్ లక్షణం అనుకుని వస్తారు. వంట తర్వాత నేర్చుకుంటారు.

సీతమ్మధార:
మాస్టర్ గారూ, ఇంకో సంగతి కలపండి. ఆ కిచెన్‌లో ఆడవాళ్లు నిలబడాలంటే ఆ బూతుల్లో మగాళ్లని మించిపోవాలి. ఆయన మెచ్చుకున్న ఆడవాళ్లంతా ఆ రకమే. 2017 చివర్లో అమెరికాలో హోటల్ రంగం ఆడవాళ్లు వేధింపుల గురించి బయటికొచ్చినప్పుడు, తన పుస్తకం ఆ తీరుని గొప్పచేసిందని ఆయన బాధపడ్డాడు.

లాసన్స్‌బే పాఠకుడు:
చూశారా, ఒప్పుకున్నాడు కదండీ! ఎంతమంది ఒప్పుకుంటారు?

సీతమ్మధార:
పదిహేడేళ్లకి. ఈలోపు ఎన్ని కాపీలు అమ్ముడుపోయాయి?

గాజువాక గురూ:
2018లో పోయిన మనిషిని ఇప్పుడు నిలదీయడం ఏటండీ.

సీతమ్మధార:
మనిషి పోయాడు, పుస్తకం ఇంకా షాపులో ఉంది.

గాజువాక గురూ:
సరే, ఒక్క పాయింట్. బాత్‌రూమ్ శుభ్రంగా లేనిచోట తినను అన్నాడు. కస్టమర్‌కి కనిపించేదే అలా ఉంటే కనిపించని కిచెన్ ఎలా ఉంటుందని. మరి బీచ్‌లో ముంత మసాలా బండికి బాత్‌రూమే లేదు. కలిపేదంతా నా కళ్లముందే. అది పాసా, ఫెయిలా?

హార్బర్ అబ్బాయి:
పాస్. నీళ్ల బకెట్ వైపు మాత్రం చూడకు.

పాత మాస్టర్:
క్యాష్ కౌంటర్ గారూ, నూనె రూలు చెప్పారు, బావుంది. మీ కుర్రాళ్లు బ్రేక్‌లో ఎక్కడ పడుకుంటారు?

క్యాష్ కౌంటర్:
మేడ మీద గది ఉంది. ఫ్యాన్ కూడా ఉంది.

పాత మాస్టర్:
ఎంతమందికి?

క్యాష్ కౌంటర్:
తొమ్మిది మందికి. మీరేమంటారో తెలుసు. ఆ గది అద్దె ఎంతో, ఆర్డర్ యాప్‌లు కమీషన్ ఎంత లాగుతున్నాయో కూడా అడగండి మరి.

పాత మాస్టర్:
అడుగుతాను. ముందు ఆ రెండో ఫ్యాన్ పెట్టించండి.