అప్‌డేట్: దొంగ బిల్లుల ఉద్యోగం గురించి అడిగినది నేనే

ఉప్పల్‌లో ఒక బిల్డర్ దగ్గర లెక్కలు రాసే నేను, దొంగ బిల్లులు తయారు చేయమంటున్నారు, క్రీస్తు శిష్యుడిగా ఉద్యోగం మానేయాలా, ఇల్లు గడవాలి కనుక సర్దుకుపోవాలా అని మూడు నెలల క్రితం అడిగాను. బైబిల్లో లూకా సువార్త 14:28లో గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుండి తగులుబడి (అయ్యే ఖర్చు) లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు కనుక తొందరపడవద్దని కొందరు సలహా ఇచ్చారు. అయితే దానికి ముందు 27వ వచనంలో సిలువ మోయడం, తరువాత 33లో తనకున్నదంతా విడిచిపెట్టడం ఉన్నాయని మా సంఘ కాపరి అయ్యగారు చూపించాక, ఆ లెక్కను వెనకడుగుకు సాకుగా వాడుకుంటున్నానని నాకే తెలిసింది.

అయినా లెక్క వేశాము. పిల్లలు పడుకున్నాక నా భార్య పాల ఖాతా పుస్తకం చివరి పేజీలో అద్దె 12,000, స్కూలు ఫీజు, చీటీ వాయిదా రాసి, చీటీ దగ్గర పెన్ను ఆపి చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు ఆ దొంగ బిల్లులపై సంతకం పెట్టనని చెప్పాను, నెలాఖరుకు పంపించివేశారు. ఇప్పుడు రామంతాపూర్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో, పాత జీతానికి 9,000 తక్కువకు పనిచేస్తున్నాను. స్కూటర్ అమ్మేశాను (బస్సులో వాక్యం చదువుకునే తీరిక దొరికిందంటే నా భార్య నవ్వలేదు). నాన్నగారు మాత్రం ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు. జీతం తగ్గినదానికన్నా అదే ఎక్కువ బాధిస్తోంది. చీటీ మరో ఏడు నెలలు కట్టాలి.